క్యాంపుకు బెజవాడ వెళ్తున్నారా? గూడ్సు బండ్లను చూసి, ఫొటో తీసి రండి

ఆఫీసు పని మీద విజయవాడ వచ్చిన మనిషికి తనదంటూ మిగిలేవి రెండే వేళలు. ఒకటి టిఫిన్‌కు ముందు, రెండోది మీటింగు ముగిశాక. చాలామంది ఆ కాస్త సమయాన్ని అమ్మవారి దర్శనానికో, బీసెంట్ రోడ్డులో కొనుగోళ్లకో ఇస్తారు. రైళ్లంటే ఇష్టమున్నవారికి నా సలహా వేరు. చెన్నై, విశాఖ, కాజీపేట, గుంటూరు, గుడివాడ వైపుల నుంచి వచ్చే దారులు ఇక్కడే కలుస్తాయి. సింగరేణి బొగ్గు, పల్నాడు సిమెంటు, గోదావరి బియ్యం, విశాఖ ఉక్కు అన్నీ ఈ ఊరి మీదుగా పోతుంటాయి. ఇన్ని రకాల గూడ్సు బండ్లు ఒకే చోట కనిపించే ఊరు తెలుగు నేల మీద ఇంకొకటి ఉందని నేననుకోను.

సెలవు పెట్టుకుని, పెద్ద కెమెరాలు మోసుకుని వచ్చేవారి సంగతి వేరు. చేతిలో రెండు గంటలు, కాళ్లకు ఆఫీసు బూట్లు ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను.

టికెట్టు, గది

హైదరాబాదు నుంచి వచ్చేవారు వీలైతే పగటి బండి ఎక్కండి. గోల్కొండ, శాతవాహన రెండూ కాజీపేట మీదుగానే వస్తాయి. ఏసీ పెట్టె అద్దాల్లోంచి ఏదీ సరిగా కనబడదు కాబట్టి తెరిచిన కిటికీ ఉన్న సీటు తీసుకోండి. డోర్నకల్ దాటేటప్పుడు ఫోను జేబులోంచి బయటికి రావాలి. మణుగూరు, కొత్తగూడెం వైపు నుంచి బొగ్గు బండ్లు ఇక్కడే ప్రధాన మార్గంలో కలుస్తాయి. వాటిలో ఒకటో రెండో పక్క లైన్లో ఆగి ఉండడం మామూలే.

గది గాంధీనగర్‌లోనో, గవర్నర్‌పేటలోనో తీసుకుంటే స్టేషన్‌కు నడిచి వెళ్లవచ్చు. పట్టాల వైపు కిటికీ ఉన్న పై అంతస్తు గది కావాలని అడగండి. కౌంటర్లోని అబ్బాయి వింతగా చూస్తాడు. అందరూ అడిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం కదా! ఇంజిను కూతకు మెలకువ వచ్చే మనిషి అయితే మాత్రం ఈ సలహా పాటించకండి, మర్నాడు మీటింగులో కునికిపాట్లు తప్పవు.

సంచిలో ఏమి పెట్టుకోవాలి

ఫోను గానీ చిన్న కెమెరా గానీ, పవర్ బ్యాంకు, అద్దం తుడుచుకునే గుడ్డ, నీళ్ల సీసా, ఆఫీసు గుర్తింపు కార్డు. ఇంతే. మూడు కాళ్ల స్టాండు తెస్తే అందరి కళ్లూ మీ మీదే ఉంటాయి, పైగా ప్లాట్‌ఫారం మీద అది నలుగురి కాళ్లకూ అడ్డం. డ్రోను ఆలోచనే వద్దు.

ఒక ముదురు రంగు చొక్కా అదనంగా పెట్టుకోండి. బొగ్గు దించేసి ఖాళీగా వెళ్లే పెట్టెల అడుగున మసి మిగిలే ఉంటుంది. బండి వేగం అందుకుందంటే అదంతా లేస్తుంది. గాలి మీ వైపు నుంచి బండి వైపు వీచేలా నిలబడడం మొదటి జాగ్రత్త. తెల్ల చొక్కా గదిలో వదిలి రావడం రెండోది. మే నెలలో అయితే టోపీ లేకుండా పది దాటాక బయట నిలబడకండి. ఈ ఊరికి బ్లేజ్‌వాడ అన్న పేరు ఊరికే రాలేదు.

గూడ్సు ఎప్పుడు వస్తుందో కనిపెట్టడం

అసలు విద్య ఇదే. గూడ్సు బండికి జనానికి తెలిసే టైంటేబుల్ ఉండదు. రైలు ఎక్కడుందో చెప్పే యాప్‌లు ప్రయాణికుల రైళ్లను మాత్రమే చూపిస్తాయి. అయినా ఆ యాప్‌తోనే పని జరుగుతుంది, తిరగేసి చదవాలంతే. పెళ్లిలో వడ్డించేవాళ్ల బంతి చివరికి లేచినట్టు, ఎక్స్‌ప్రెస్‌లన్నీ వెళ్లాకే గూడ్సుకు దారి దొరుకుతుంది. కాబట్టి వచ్చే రెండు గంటల్లో విజయవాడకు వచ్చే, పోయే రైళ్ల జాబితా తీయండి. వరసగా నాలుగైదు బండ్లు పోయి, తర్వాత అరగంట ఖాళీ ఎక్కడుందో చూడండి. అంతసేపూ పక్క లైన్లలో ఆగిన గూడ్సులు ఆ ఖాళీలోనే ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. ఎక్స్‌ప్రెస్‌లు ఆలస్యమైన రోజున ప్రయాణికులు తిట్టుకుంటారు గానీ మనకు లాభమే. ఆగిన గూడ్సును తీరిగ్గా చూడవచ్చు.

ఆ తర్వాత సిగ్నళ్లు. ఆకుపచ్చ పడితే బండి ఆగకుండా వెళ్తుంది. పసుపు దీపం, దాని మీద ఏటవాలుగా తెల్ల దీపాల వరస వెలిగితే బండిని పక్క లైనుకు మళ్లిస్తున్నారని అర్థం. మలుపు దగ్గర వేగం బాగా తగ్గుతుంది. ఫొటోకు ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. ప్లాట్‌ఫారం మీద మైకులో "రైలు ఆగకుండా వెళ్తుంది, దూరంగా ఉండండి" అని వినిపిస్తే, అది గూడ్సు అయ్యే అవకాశం ఎక్కువ. కెమెరా పైకి తీయండి, అడుగు వెనక్కి వేయండి.

ఆగి ఉన్న బండి బయలుదేరబోతుంటే చెవికే ముందు తెలుస్తుంది. బ్రేకులు వదిలినప్పుడు బుస్సుమని గాలి శబ్దం, కాసేపటికి ఇంజిను కూత, ఆ వెంటనే పెట్టెలను కలిపే ఒక్కో కప్లింగు బిగుసుకుంటూ ముందు నుంచి వెనక్కి పరిగెత్తే టకటకల వరస. ఆ శబ్దం మీ ముందు నుంచి దాటిపోయాక గానీ మీ ఎదురుగా ఉన్న పెట్టె కదలదు. దీన్ని ఫొటోలో పట్టుకోలేము. వీడియో తీయండి, మధ్యలో మాట్లాడకండి.

ఎక్కడ నిలబడాలి

ఉదయం పూట మీకు గంటే ఉంటే బస్టాండుకు ఎదురుగా ఉన్న పద్మావతి ఘాట్‌కు వెళ్లండి. కృష్ణ మీద రైలు వంతెనలు అక్కడి నుంచి బాగా కనిపిస్తాయి. ఎండ మీ వీపు వైపు నుంచి పడి వంతెన మీద వెళ్లే బండిని వెలిగిస్తుంది, వెనక ఇంద్రకీలాద్రి. ఇక్కడ మొదటి రైలు వంతెన తెరిచింది 1893లో. చెన్నై వైపు పోయే బండి అయినా, గుంటూరు వైపు పోయే బండి అయినా నది దాటి కృష్ణా కెనాల్ జంక్షన్ చేరాకే విడిపోవాలి. అందుకే ఘాట్ మెట్ల మీద కూర్చున్న మనిషి ఎక్కువసేపు ఉత్తచేతులతో ఉండడు. బండి వంతెన మీద ఉండగా పొడవంతా ఒకే ఫ్రేములో పడుతుంది. ప్లాట్‌ఫారం మీద ఎంత ప్రయత్నించినా కుదరని పని అది. ఇనుప కమ్మీలు ఇంజిను ముఖానికి అడ్డొచ్చే చోట ఒకటి రెండు అడుగులు పక్కకు జరిగి చూడండి. డిసెంబరు, జనవరిల్లో నది మీద మంచు తొలగేవరకు ఆగాల్సి వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వరద ఉన్నప్పుడు ఘాట్ల వైపు దిగనివ్వరు, దిగకూడదు కూడా. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయింది. నది ఆ స్థితిలో ఉన్నప్పుడు ఫొటో సంగతి మరచిపోండి.

సాయంత్రం మాత్రం ఘాట్ పనికిరాదు. సూర్యుడు వంతెన వెనక్కి పోతాడు, బండి నల్లని గీతలా మిగులుతుంది. అలాంటి నీడ బొమ్మే కావాలనుకుంటే సరే. లేకపోతే 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ మీదికి నడవండి. రైలు వంతెనలు బ్యారేజీకి దిగువన ఉంటాయి కాబట్టి పడమటి ఎండ ఇప్పుడు మీ వెనక నుంచి వస్తుంది. దూరం కాస్త ఎక్కువ. ఫోను జూమ్‌తో బండిని దగ్గరకు లాగకుండా నీళ్లు, ఇసుక మేటలు, ఆకాశం కలిపి వెడల్పుగా తీయండి. హైవే వారధి మీద వాహనం ఆపి ఫొటోలు తీసేవారిని చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి, వెనక వచ్చే లారీకి మీ సరదా తెలియదు.

స్టేషన్ లోపల చూడాలంటే ప్లాట్‌ఫారం టికెట్టు పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. పది ప్లాట్‌ఫారాలున్న స్టేషన్ ఇది. జనం తక్కువగా ఉండే చివరి భాగానికి, ప్లాట్‌ఫారం వాలు మొదలయ్యేలోపే ఉన్న చోటికి వెళ్లండి. వాలు దిగి పట్టాల పక్కన నడవడం రైల్వే చట్టం, 1989లోని 147వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. క్యాంపుకు వచ్చిన మనిషి ఆఫీసుకు చెప్పుకోగలిగిన కారణం కాదది. ధాన్యం, బియ్యం మోసే మూత పెట్టెల బండి ఆగి ఉంటే తలుపుల కింద చూడండి. సందులోంచి రాలిన గింజల కోసం పావురాలు పట్టాల మధ్యకు దిగుతాయి. కూత వినబడగానే అన్నీ ఒక్కసారి లేచి, ఆ పెట్టె పైకప్పు మీదే వాలతాయి. ఇంజినుకు ఇచ్చే సమయంలో కొంత ఈ పక్షులకూ ఇవ్వండి.

సగం రోజు ఖాళీ దొరికితే కొండపల్లి. బొమ్మలు కొనాలన్న సాకు ఎలాగూ ఉంది. ఇబ్రహీంపట్నంలో 1979లో మొదటి యూనిట్‌తో మొదలైన థర్మల్ కేంద్రానికి ఇప్పుడు డాక్టర్ నార్ల తాతారావు పేరు ఉంది. దాని బాయిలర్ల ఆకలి తీర్చే బొగ్గంతా బండ్లకు బండ్లుగా ఇటే రావాలి. మూడు గూడ్సు బండ్లను కలిపి ఒకే బండిగా 177 పెట్టెలతో నడిపిన 'త్రిశూల్' 2021 అక్టోబరు 7న బయలుదేరింది ఈ కొండపల్లి నుంచే, ఒడిశాలోని ఖుర్దా డివిజన్‌కు. అవి బొగ్గు నింపుకోవడానికి వెళ్లిన ఖాళీ పెట్టెలు. దారిలో రాయనపాడు వస్తుంది. పక్కనే గుంటుపల్లిలో వ్యాగన్లను విప్పి బాగుచేసే కర్మాగారం ఉంది కాబట్టి, కొత్తగా రంగు వేసిన పెట్టెలు కనిపించేది ఇక్కడే. వర్క్‌షాపు, విద్యుత్ కేంద్రం, చమురు డిపోల గోడల వైపు మాత్రం కెమెరా తిప్పకండి. స్టేషన్ ప్లాట్‌ఫారం మీది నుంచి బండి వరకే మన హద్దు.

పని గుంటూరులో పడితే నిరాశపడకండి. అక్కడ బండ్లు తక్కువే గాని తీరిక ఎక్కువ. ఊరి చివర నల్లపాడు దగ్గర లైను రెండుగా చీలి ఒకటి గుంతకల్లు వైపు, ఇంకొకటి నడికుడి మీదుగా తెలంగాణ వైపు పోతాయి. నడికుడి దారి చాలాకాలంగా ఒంటి లైను, రెండో లైనుకు 2023లో ఆమోదం వచ్చింది. ఒంటి లైను మీద ఎదురు బండి వచ్చేదాకా గూడ్సు ఆగాలి. ఆగిన బండి ఫొటోగ్రాఫరుకు వరం. ఈ దారిలో సిమెంటు పెట్టెలు ఎక్కువ. తలుపుల అంచుల వెంబడి తెల్లటి పొడి గట్టిగా పేరుకుని ఉంటే అది సిమెంటు బండేనని దూరం నుంచే చెప్పవచ్చు. గుంటూరు అనగానే మిర్చి గుర్తొస్తుంది కదా. 2020 జులైలో ఊరి దగ్గరి రెడ్డిపాలెం నుంచి 16 పార్సిల్ వ్యాన్లలో ఎండుమిర్చి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు వెళ్లింది.

ఫొటో తీసేటప్పుడు

బండి వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమే. రాకముందే ఖాళీ పట్టాలను ఫ్రేములో పెట్టి చూసుకోండి. కరెంటు స్తంభాల మధ్య దూరం గరిష్ఠంగా 72 మీటర్లు. ఇంజిను ముఖం రెండు స్తంభాల మధ్యకు వచ్చిన క్షణంలో నొక్కాలి. ఆ చోటును నేల మీది ఏదో ఒక రాయినో బోర్డునో చూసి గుర్తుపెట్టుకోండి. ఎండ ఇంజిను ముఖం మీదా, మీకు కనిపించే పక్క మీదా రెండింటి మీదా పడుతుంటే మంచి చోటు దొరికినట్టే.

కెమెరాలో షట్టర్ వేగం సెకనులో 500వ వంతుకు తగ్గనివ్వకండి. ఫోనులో అయితే బండి వచ్చే చోట తెర మీద వేలుపెట్టి ఫోకస్ బిగించి, వరస ఫొటోలు తీయండి. మధ్యాహ్నం దూరపు లెన్సు వాడి లాభం లేదు. పట్టాల మీద వేడిగాలి ఊగి బండి నీళ్లలో ఉన్నట్టు వస్తుంది. రాత్రి ఫ్లాష్ అసలు వాడకండి, ఎదురుగా వచ్చే బండి నడిపే లోకో పైలట్ కళ్లలో పడుతుంది. సెల్ఫీ కర్ర సంచిలోనే ఉండాలి. పాదచారుల వంతెన మీద నిలబడి దాన్ని చాచకండి, కింద ఉన్న తీగలో 25,000 వోల్టులు ఉంటాయి.

ఇంజిను పోగానే కెమెరా దించేయకండి. 58 పెట్టెల బొగ్గు బండి, ఇంజినుతో కలిపి, దాదాపు 650 మీటర్లు ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయినా ముప్పావు నిమిషం పడుతుంది. చివర గార్డు పెట్టెలో ఆయన బయటికి వచ్చి నిలబడి ఉంటారు. ఆ ఉద్యోగాన్ని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు గాని జనం నోట ఇంకా గార్డే. చెయ్యి ఊపితే చాలాసార్లు ఆయనా ఊపుతారు. దగ్గరగా నిలబడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెగిన ఇనుప తీగ గానీ, ఊడిన టార్పాలిన్ గానీ పెట్టె నుంచి బయటికి వేలాడుతూ రావచ్చు. పసుపు గీతకు ఇంకో రెండడుగులు వెనక్కి ఉండండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

బండిని చదవడం

ఇంజిను పేరులో డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, జి అంటే గూడ్స్. డబ్ల్యూఏజీ-7 శక్తి 5,000 హార్స్‌పవర్, డబ్ల్యూఏజీ-9 అయితే 6,000 పైన. రెండు భాగాలు అతికించినట్టు పొడవుగా వచ్చేది 12,000 హార్స్‌పవర్ డబ్ల్యూఏజీ-12. దాని నంబరు 60తో మొదలవుతుంది. పక్కన రాసిన షెడ్డు (ఇంజిన్లను ఉంచి, బాగుచేసే చోటు) పేరు చూస్తే అది విజయవాడదో, లాలాగూడదో, ఇంకెక్కడిదో తెలుస్తుంది.

పెట్టెల్లో పై మూత లేనిది బాక్స్‌ఎన్. ఇది బొగ్గుకు, ఖనిజానికి. అడుగున తలుపులు తెరిచి బొగ్గు జారవిడిచేది బీఓబీఆర్, మూత ఉన్నది బీసీఎన్, చమురు ట్యాంకు బీటీపీఎన్, కంటైనర్లు మోసే బల్ల పెట్టె బీఎల్‌సీ. కిటికీలు మూసేసిన పాత ప్రయాణికుల పెట్టెలు వరసగా వస్తే అందులో కార్లు ఉంటాయి. పెట్టె మీద 11 అంకెల నంబరు ఉంటుంది. అయిదు, ఆరో అంకెలు అది తయారైన సంవత్సరం. ఆగిన బండి దొరికితే అన్నిటికన్నా పాత పెట్టె ఏదో వెతకండి, ఎదురుచూపు ఇట్టే గడిచిపోతుంది.

పోలీసులు అడిగితే

అడుగుతారు. టికెట్టు, గుర్తింపు కార్డు చూపించి, ఏం తీస్తున్నారో తెరపై చూపించండి. వద్దంటే మానేయండి, తీసేయమంటే తీసేయండి. వాదన వద్దు. బల్ల పెట్టెల మీద సైనిక వాహనాలు కనిపిస్తే కెమెరా ముందే లోపల పెట్టేయండి, ఆ ఫొటో ఎవరికీ చూపించే అవసరం లేదు. సిబ్బంది ముఖాలు దగ్గరగా తీయాలనుకుంటే అడిగి తీయండి.

రాత్రి గదిలో

పడుకునే ముందు అయిదు నిమిషాలు కేటాయించి ఇంజిను నంబరు, షెడ్డు, పెట్టెల రకం, అవి నిండి ఉన్నాయా ఖాళీవా, ఎటు పోతోంది, ఎన్నింటికి అన్నది ఫొటో పక్కన రాసుకోండి. నిండి ఉన్నాయో ఖాళీవో ఎలా తెలుస్తుందంటే, ఖాళీ పెట్టె చక్రాల పైని స్ప్రింగులు విచ్చుకుని ఉంటాయి, మోత కూడా ఎక్కువ. మళ్లీ అదే ఊరికి క్యాంపు పడినప్పుడు ఏ వేళకు ఎటు వైపు బండ్లు ఎక్కువో ఈ రాతలే చెబుతాయి. ప్లాట్‌ఫారం టికెట్టును మాత్రం టీఏ బిల్లుకు జత చేయకండి, అకౌంట్సు వాళ్లు దానికి కారణం అడుగుతారు.